బోడిగుండుకీ మోకాలికీ ఉన్న ముడి

పొంతన లేని రెండు విషయాలను కలిపితే బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టారని వెక్కిరిస్తాం. మన ద్విచక్ర వాహన భద్రత ఆ సామెతను మరీ నమ్మేసినట్టుంది. గుండు సంగతి చట్టం చూసుకుంటోంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ హెల్మెట్ పెట్టుకోమంటుంది. పెట్టుకోకపోతే కూడలిలో పోలీసు కెమెరా ఫొటో తీస్తుంది. మోకాలి గురించి మాత్రం ఎవరూ ఒక్క మాటా అనరు, బండి జారితే ముందు నేలను తాకేవాటిలో అదొకటైనా సరే.

నేను వారానికి మూడు రోజులు ఉద్యోగం పని మీద గుంటూరు నుంచి సత్తెనపల్లి మీదుగా పిడుగురాళ్లకు మోటార్ సైకిల్ మీద వెళ్లొస్తాను. మే నెలలో ఆ రోడ్డు పెనం లాంటిది. ఏటా వేసవి వార్తల్లో కనిపించే రెంటచింతల ఆ చుట్టుపక్కలదే. అలాంటి దారిలో రైడింగ్ ప్యాంటు వేసుకునే నన్ను టీ కొట్టు దగ్గర జనం వింతగా చూస్తారు. ‘‘ఈ ఎండలో ఇదేంటి సార్’’ అన్న ప్రశ్న వినని రోజు లేదు.

దానికి నా జవాబు మా సహోద్యోగి ఒకాయన. మూడేళ్ల కిందట ఇదే దారిలో కంకర మీద బండి జారింది. వేగం నలభై దాటలేదు. హెల్మెట్ ఉంది కాబట్టి తలకు గీత కూడా పడలేదు. మోకాలి చిప్ప మాత్రం రెండు ముక్కలైంది, తొడ పక్కన చర్మం అరచేతి మేర లేచిపోయింది. వేసుకున్నది మామూలు టెరికాటన్ ప్యాంటు. ఆయన ఇప్పటికీ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోలేరు. నిరుడు కూతురి పెళ్లిలో పీటల బదులు కుర్చీలో కూర్చుని కన్యాదానం చేశారు.

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. ఇవి కేంద్ర రవాణా శాఖ లెక్కలు. కుర్చీలో కూర్చుని కన్యాదానం చేసేవాళ్లు ఆ అంకెల్లోకి రారు.

ప్యాంటు నిజంగా కాపాడుతుందా? ఆస్ట్రేలియాలో ప్రమాదానికి గురైన 212 మంది మోటార్ సైకిల్ చోదకులను పరిశీలించిన అధ్యయనం ఒకటి 2011లో వెలువడింది. రైడింగ్ ప్యాంటు వేసుకున్నవారు ఆస్పత్రిలో చేరాల్సి రావడం, వేసుకోనివారితో పోలిస్తే దాదాపు సగం తక్కువ. మోకాళ్ల దగ్గర రక్షణ ప్యాడ్లు కూడా ఉంటే కాళ్లకు గాయాలయ్యే అవకాశం 40 శాతం తగ్గింది. అదే అధ్యయనం మరో మాటా చెప్పింది. ప్రమాదంలో 28 శాతం ప్యాంట్లు చిరిగి అక్కరకు రాకుండా పోయాయి. అంటే రైడింగ్ ప్యాంటని పేరుంటే చాలదు, ఎంచి తెచ్చుకోవాలి.

అసలు చిక్కు ఎండే. ‘‘ప్రమాదం సంగతి దేవుడెరుగు, ముందు వడదెబ్బ తగిలేలా ఉంది’’ అన్నది మా ఆవిడ అభ్యంతరం. అది కొట్టిపారేయాల్సిన మాట కాదు. వేడికి తట్టుకోలేక బీరువాలో వేలాడదీసిన ప్యాంటు ఎంత గట్టిదైనా ఏం లాభం? మనలాంటి చోట రోజూ వేసుకోగలిగిన ప్యాంటే మంచి ప్యాంటు. నేను ఆ లెక్కతోనే నాలుగు దుకాణాలు తిరిగాను.

తోలు ప్యాంటు రాపిడికి రారాజే కానీ మన మే నెలకు పనికిరాదు. మామూలు జీన్స్ చల్లగానూ ఉండదు, కాపాడనూ కాపాడదు. రాపిడి పరీక్షల్లో ఆ బట్ట సెకను అటూ ఇటూగా చిల్లు పడుతుంది. లోపల కెవ్లార్ పొర ఉన్న జీన్స్ గట్టివే. 1965లో డ్యూపాంట్ కంపెనీలో స్టెఫనీ క్వోలెక్ కనిపెట్టిన ఈ పోగు ఉక్కుకన్నా బలమైనదని పేరు. అయితే రెండు పొరలు కావడంతో మధ్యాహ్నం ఉక్కపోస్తుంది. మిగిలింది మెష్, అంటే జల్లెడలాంటి బట్టతో కుట్టిన ప్యాంటు.

మెష్‌లో ముందు చూడాల్సింది జల్లెడ ఎక్కడ ఉందన్నది. తొడల ముందు భాగంలో, పిక్కల మీద ఉంటే గాలాడుతుంది. పిరుదులు, తుంటి, మోకాలి చుట్టూ మాత్రం దట్టమైన నైలాన్ ఉండాలి, ఎందుకంటే రోడ్డుకు రాసుకునేది అక్కడే. ఆ చోట్ల కుట్టు రెండు మూడు వరుసలుండాలి. యూరప్ ప్రమాణం ఈఎన్ 17092 ప్రకారం ఏ, ఏఏ, ఏఏఏ అని తరగతులున్నాయి. గాలాడే ప్యాంట్లలో ఎక్కువభాగం ఏ తరగతివే. ఏఏ దొరికితే అదృష్టం. ప్యాడ్లకు ఈఎన్ 1621-1 అనే ప్రమాణం ఉంది. పరీక్షలో కొట్టిన దెబ్బలో సగటున 35 కిలోన్యూటన్లకు మించి లోపలికి పోనివ్వనిది లెవెల్ 1, 20కి మించనివ్వనిది లెవెల్ 2. చాలా ప్యాంట్లలో మోకాళ్ల ప్యాడ్లుంటాయి, తుంటి దగ్గర ఖాళీ జేబు మాత్రమే ఉంటుంది. అడిగి వేయించుకోవాలి.

అద్దం ముందు నిలబడి చూసుకుంటే చాలదు. దుకాణం బయట బండెక్కి కూర్చోవాలి. నిలబడ్డప్పుడు సరిగ్గా ఉన్న ప్యాడ్ కూర్చోగానే పక్కకు జారితే ఆ ప్యాంటు వద్దు. కింద అంచు చీలమండ దాటి పైకి పోకూడదు. సైలెన్సర్ వైపు పిక్క దగ్గర వేడికి కరగని బట్ట ఉండాలి. వాననీటిని ఆపే లోపలి పొర విడిగా తీయగలిగేదై ఉండాలి. కుట్టేసి ఉంటే జూన్ దాకా అదొక ఆవిరి గది. ఆఫీసుకు వెళ్లేవారికి మామూలు ప్యాంటు మీద వేసుకుని పక్క జిప్పులతో విప్పేసే రకం సుఖం.

ఇంకో సంగతి. గాలి మన చర్మం కన్నా, అంటే సుమారు 35 డిగ్రీల కన్నా వేడిగా ఉంటే అది చల్లబరచదు, కాలుస్తుంది. అప్పుడు చల్లబరిచేది చెమట ఆరడమే. అందుకే పల్నాడు లాంటి పొడి ఎండలో లోపల పలుచని నూలు పైజామాను తడిపి వేసుకుంటాను. ఇరవై నిమిషాలు హాయి. తర్వాత దాహం వేయకపోయినా నీళ్లు తాగుతాను. బందరు లాంటి తేమ ఊళ్లలో ఈ చిట్కా పారదు, అక్కడ ఎంత గాలాడితే అంత మేలు. సిగ్నల్ దగ్గర ఆగితే ఏ మెష్ అయినా ఒకటే, బండి కదలాల్సిందే. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 2018 నుంచి మోటోక్యాప్ అనే పథకం ఇలాంటి దుస్తులకు రక్షణకో రేటింగు, ఎండలో సౌకర్యానికి మరో రేటింగు ఇస్తోంది. రెంటినీ పక్కపక్కన చూసి కొనుక్కునే వీలు మనకూ ఉంటే దుకాణంలో ఇంత తడుముకోనక్కర్లేదు.

నా ప్యాంటుకు ఏడు వేలు పైనే అయింది. నెల జీతం వచ్చేవాడికే అది ఆలోచించాల్సిన డబ్బు. మిట్టమధ్యాహ్నం మన వీధుల్లో భోజనం పొట్లాలు మోస్తూ పది గంటలు బండి మీదే ఉండే కుర్రాళ్లకు అంత ఎక్కడిది? వాళ్లకు చొక్కా మీద కంపెనీ పేరుంటుంది, వీపున కంపెనీ సంచి ఉంటుంది. మోకాలి మీద ఏమీ ఉండదు. ఆ మోకాలు పగిలితే ఆ ఇంట్లో మర్నాడు పొయ్యి వెలగదు. చొక్కా కుట్టించే కంపెనీ ప్యాంటు కూడా కుట్టించాలని అడగడానికి ఇప్పటికే ఆలస్యమైంది.