దిద్దినవారి పేరు

తప్పుకు ఖరీదు ఉంటుందా? తెలుగు పాఠాలు చెప్పుకు బతికే నాకు, తప్పు కనబడితే మార్కులు తగ్గించడమే తెలుసు. తప్పుకు మార్కులు కలిపే లోకం కూడా ఒకటున్నదని మా మేనల్లుడు చెప్పేదాకా నాకు తెలియదు.

వాడు న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్నాడు. పాత బేస్‌బాల్ కార్డులు పోగుచేయడం వాడికి వ్యసనం. ఒకప్పుడు అమెరికాలో ఆటగాళ్ల బొమ్మలను అట్టముక్కల మీద అచ్చువేసి, మొదట సిగరెట్టు పెట్టెల్లోనూ, తర్వాత బబుల్‌గమ్ పొట్లాల్లోనూ పెట్టి అమ్మేవారు. పిల్లలు మార్చుకుని, నలిపి, పారేసిన ఆ ముక్కలనే ఇప్పుడు పెద్దవాళ్లు భూతద్దం పట్టి చూసుకుంటున్నారు. ఆట సంగతి నాకు అట్టే తెలియదు గాని, పాఠాంతరాలంటే చెవి కోసుకుంటాను. అందుకే వాడు సెలవులకు వచ్చి ఆల్బమ్ విప్పగానే పక్కనే చతికిలబడ్డాను.

రంగుల కార్డు ఒక్క రంగుతో అయ్యేది కాదు. పసుపు, ఎరుపు, నీలం, నలుపు సిరాలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. కాగితం వెంట్రుకవాసి జరిగిందా, ఆటగాడి టోపీ పక్కన మరో రంగు నీడ తేలుతుంది. అది ఆ ఒక్క కాగితానికి పట్టిన జబ్బు. అచ్చుపలకలోనే తేడా ఉంటే మాత్రం ఆ పలక మార్చేదాకా ప్రతి కార్డులోనూ అదే వస్తుంది. 1958లో టాప్స్ కంపెనీ వేసిన కార్డుల్లో 33 రెండు రకాలుగా దొరుకుతాయి: కొన్ని ప్రతుల్లో ఆటగాడి పేరో, జట్టు పేరో తెల్లని అక్షరాల్లో ఉంటే, మరికొన్నిటిలో అదే పసుపు అక్షరాల్లో ఉంటుంది. ఇవి పాఠాంతరాలు కాక మరేమిటి చెప్పండి!

1957లో అదే కంపెనీ హాంక్ ఆరన్ ఫోటోను తిరగేసి అచ్చువేసింది. కుడిచేతి వాటం మనిషి కాస్తా ఎడమచేతి వాటమైపోయాడు. చొక్కా మీది 44 అద్దంలో చూసినట్టు తిరగబడింది. ఆ ఏడాదే ఆయన తన లీగులో ఉత్తమ ఆటగాడు అనిపించుకున్నాడు. అయినా ఆ కార్డును ఎవరూ దిద్దలేదు. ప్రతులన్నీ ఒక్కలాగే ఉన్నాయి గనుక, ఆ తప్పు కోసమని ఎవరూ పైసా ఎక్కువ ఇవ్వరు.

షెర్రీ మెగీ కథ వేరు. 1909 మొదలు 1911 దాకా అమెరికన్ టొబాకో కంపెనీ సిగరెట్లతో ఇచ్చిన కార్డుల్లో, ఆయన పేరులో 'ఇ' ఉండవలసినచోట 'ఐ' పడింది. త్వరలోనే దిద్దారు. తప్పు పేరున్నవి కొద్దిగానే మిగిలాయి. అవి దొరకడమే గగనం. 1910లో తన లీగులో బ్యాటింగులో అందరికన్నా ముందు నిలిచిన మనిషిని, నేడు కార్డులు పోగుచేసేవాళ్లు ముందుగా ఆ ఒక్క అక్షరంతోనే గుర్తుపడతారు. పాపం!

"చూశావా మామయ్యా, తప్పుకు ఎంత విలువో!" అన్నాడు మావాడు.

"తప్పుకు కాదురా, దిద్దినందుకు" అన్నాను. ఆరన్ కార్డులోనూ తప్పుంది. దానికి విలువ రాలేదే! ఎవరో ఒక మనిషి మెగీ పేరు చూసి, ఆగి, ఆ అక్షరం మార్పించబట్టే గదా ముందు పడినవి అపురూపమయ్యాయి! ఆ మనిషి పేరు మాత్రం ఏ కార్డు మీదా లేదు.

నాకు మా నాన్నగారు గుర్తుకొచ్చారు. విజయవాడలో ఒక ప్రెస్సులో ముప్ఫయ్యేళ్లు ప్రూఫులు దిద్దారాయన. ఆయన దిద్దిన పుస్తకాలు మా ఇంట్లో బీరువా నిండా ఉన్నాయి. ఒక్కదానిలోనూ ఆయన పేరు లేదు. ఎర్రసిరాతో ఆయన గీతలు పడిన ప్రూఫు కాగితాలు కిరాణాకొట్టుకు పొట్లాలు కట్టడానికి పోయేవి. అందులో ఒక్క కాగితం ఎక్కడైనా దొరికితే, మా మేనల్లుడిలాగే నేనూ బేరమాడకుండా కొంటాను.