మొహం దిద్దే చేయి

డిజిటల్ పరిజ్ఞానం ఫొటోగ్రాఫరు కళను మింగివేసిందని కొందరూ, ఆ కళను ప్రజలందరికీ పంచిపెట్టిందని కొందరూ వాదిస్తున్నారు. రెండూ అర్ధసత్యాలే. మనం అడగవలసిన ప్రశ్న వేరు: మనిషి మొహాన్ని దిద్దే అధికారం యిప్పుడు యెవరి చేతిలో వున్నది?

ఆరవ నిజాం ఆస్థానంలో రాజా దీన్ దయాళ్ (1844-1905) పనిచేసిన రోజుల్లో కెమెరా ప్రధానంగా నవాబులకూ దొరలకూ పరిమితమైన వస్తువు. తరువాత అది పట్టణాల స్టూడియోలకు దిగివచ్చింది. మా రాజుపాలెం నల్లరేగడి పల్లెలవాళ్ళకు ఫొటో అంటే ప్రొద్దుటూరు ప్రయాణమే. చాలామందికి ఆయుస్సు మొత్తానికీ ఒక్క ఫొటో.

ఆ స్టూడియోల వెనుకగదిలో ఒక పనివాడుండేవాడు. వెలుతురు కిందినుంచి వచ్చే అద్దపు బల్లమీద నెగెటివును పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిలుతో ముడుతలు పూడ్చేవాడు. నెగెటివులో పలచగా వున్న చోటే కాగితంమీద నల్లగా పడుతుంది. అక్కడ సన్నని గీతలు నింపితే ఆ నలుపు తగ్గుతుంది. యెక్కడ ఆపాలో తెలియడమే అందులోని విద్య. నాలుగు గీతలు యెక్కువయితే మనిషే మారిపోతాడు.

అతణ్ణి ఆదర్శపురుషుడిగా నిలబెట్టడం నా వుద్దేశం కాదు. పిల్ల నలుపు కనబడకుండా చూడమన్న పెండ్లివారి మాట అతడూ విన్నాడు. రంగుల ముద్రణకు ప్రమాణంగా కొడాక్ కంపెనీ పంపిన 'షర్లీ' కార్డులమీద దశాబ్దాలపాటు తెల్లజాతి స్త్రీ మొహమే వుండేది. ఆ కొడాక్ లోనే 1975లో స్టీవెన్ సాసన్ డిజిటల్ కెమెరా నమూనా తయారుచేశాడు. ఒక్క బొమ్మ కాసెట్ టేపుకెక్కడానికి 23 సెకన్లు పట్టింది. 2012లో ఆ కంపెనీయే దివాలా రక్షణ కోరవలసివచ్చింది. ఫిల్ము పోయింది, తెలుపు మోజు పోలేదు.

ఈమధ్య మా చిన్నాయన కొడుకు మా జేజి పాత ఫొటోను సెల్ ఫోనుకెక్కించి, ఒక యాప్ తో బాగుచేసి చూపించాడు. ముడుతలు పోయినాయి. గడ్డంమీది పచ్చబొట్టు పోయింది. శనగచేలలో యెండకు కమిలిన మొహం తెల్లబడింది.

"బాగుంది గదన్నా?"

"జేజి యాడుందిరా యిందులో?" అన్నాను.

పెన్సిలు పట్టినవాడితో "పచ్చబొట్టు వుండనీ నాయనా" అని చెప్పుకునే వీలుండేది. యాప్ మనల్ని అడగదు. దాని కొలతలు నిర్ణయించినవారు మనకు కనబడరు. పనివాడి నైపుణ్యం ప్రోగ్రాములో చేరింది, అతని కూలి మాత్రం పోయింది.

అయినా ఫోనును పారవేయమనను. కూలికి పోయే స్త్రీ తన చేనునూ తన బిడ్డనూ తానే ఫొటో తీసుకోగలగడం చిన్న విజయం కాదు. అయితే సాధనం చేతికందినంత మాత్రాన చూపు మనదైపోదు. నలుపునూ ముడుతనూ లోపాలుగా చూసే కన్ను మారనంతకాలం, యెంత కొత్త కెమెరా అయినా పాత బొమ్మనే తీస్తుంది.