అదే జబ్బున్న రెండో బిడ్డ ఎక్కడ?

మా విభాగంలో కొత్తగా చేరిన జూనియర్ల చేతికి నేను ముందుగా ఇచ్చేది కొలిచే టేపు. కనుబొమల పైనుంచి మొదలుపెట్టి, వెనక తల బాగా ఉబ్బెత్తుగా ఉన్న చోటు మీదుగా చుట్టుకొలత తీయాలి. మూడుసార్లు తీసి, వాటిలో పెద్దది రాయాలి. తర్వాత తల్లి తలా, తండ్రి తలా కొలవాలి. ఇంటిల్లిపాదీ పెద్ద తలల వాళ్లే అయితే బిడ్డ తల పెద్దగా ఉండటం జబ్బు లక్షణం కాకపోవచ్చు. టేపు కాస్త జారిందంటే చాలు, లేని లక్షణం కేస్ షీట్‌లోకి ఎక్కుతుంది. అక్కడినుంచి దేశదేశాల డాక్టర్ల ముందుకీ వెళ్తుంది.

నేను మెడికల్ జెనెటిక్స్ డాక్టర్ని, హైదరాబాద్‌లో పనిచేస్తున్నాను. పేరు తేలని జబ్బులే మా పని. మా దాకా వచ్చేసరికి ఒక్కో కుటుంబం దగ్గర సంచినిండా కాగితాలుంటాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ, జిల్లా కేంద్రంలో పిల్లల డాక్టరు, నగరంలో న్యూరాలజిస్టు, ఎమ్మారైలు, మధ్యలో నాటుమందులు, మొక్కులు. ఆ సంచి మొత్తం విప్పి, కాగితాలను తేదీల వారీగా పేర్చి, మొదటిదాని నుంచి చదవాలి. ఇది గుమాస్తా పని అనుకోవద్దు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్‌లో డాక్టర్ విలియం గాల్ 2008లో అంతుచిక్కని జబ్బుల కోసం ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. తర్వాత అనేక ఆసుపత్రులు చేరి అది పెద్ద నెట్‌వర్క్ అయింది. వాళ్లు 2018లో ప్రచురించిన లెక్క ప్రకారం, పూర్తిగా పరీక్షించిన 382 మందిలో 132 మందికి జబ్బేమిటో తేలింది. ఆ తేలినవాళ్లలో నూటికి 11 మందికి ఏ జన్యుపరీక్షా అక్కర్లేకపోయింది, అనుభవమున్న డాక్టర్లు రోగిని, రికార్డులను మళ్లీ చూడటమే సరిపోయింది. అప్పటికే ఎందరో చూసి వదిలేసిన కేసులవి!

కాగితాలయ్యాక వంశవృక్షం గీయాలి. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా, మేనరికమైతే మధ్యన జంటగీత. మన దగ్గర ఆ జంటగీత తరచుగా పడుతుంది. అయితే నేరుగా అడిగితే నిజం రాదు. "మీది మేనరికమా?" అంటే "కాదు మేడమ్" అంటారు. "పెళ్లికి ముందు ఆయన్ని ఏమని పిలిచేదానివమ్మా?" అని అడగండి. "బావా అనేదాన్ని" అంటుంది. అప్పుడు గీత రెండోసారి గీయండి. ఇంటిపేర్లు, పుట్టిన ఊళ్లు, అమ్మమ్మగారి ఊరు కూడా రాసుకోండి. చుట్టరికం లేదన్న దంపతులు కూడా చాలాసార్లు పక్కపక్క ఊళ్ల వాళ్లే అయి ఉంటారు. పురిట్లో పోయిన పిల్లల లెక్క తల్లిని కాదు, నానమ్మనూ అమ్మమ్మనూ అడగాలి. వాళ్లు ఎవర్నీ మరిచిపోరు.

నాకు పని నేర్పిన మేడమ్‌ది ఒక నియమం ఉండేది. ముసలివాళ్లు చెప్పిన మాటను వైద్యభాషలోకి మార్చకుండా, వాళ్ల నోట వచ్చింది వచ్చినట్టు కేస్ షీట్‌లో రాయాలి. కొటేషన్ గుర్తులు పెట్టి మరీ రాయించేది. ఓపీ బయట వందమంది కూర్చుని ఉంటే ఇదేం చాదస్తమని మేం గొణుక్కునేవాళ్లం. ఆ చాదస్తం విలువ ఒక అబ్బాయి కేసులో తెలిసింది.

ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన కుటుంబం. పిల్లాడికి నడక ఆలస్యం, మాట లేదు, కండరాలు మెత్తన, ఎడమ రెప్ప కొద్దిగా వాలి ఉంది. తల్లిదండ్రులది మేనరికం. అప్పటిదాకా చూసిన ప్రతి డాక్టరూ, ప్రతి చుట్టమూ మేనరికం వల్లే అన్నారు. నిజమే, అలాంటి ఇళ్లలో అనుమానం ముందు అటే పోతుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకే తాత నుంచి అదే చెడిన జన్యువును తెచ్చుకుని, బిడ్డకు రెండు ప్రతులూ చెడినవే ఇచ్చి ఉండొచ్చు. జన్యుక్రమంలో రెండు ప్రతులూ ఒకేలా ఉన్న పొడుగాటి భాగాలు కనిపిస్తాయి, మేం ముందు వాటిలో వెతుకుతాం. వెతికాం. ఏమీ లేదు.

తల్లి, తండ్రి, బిడ్డ ముగ్గురి ఎక్సోమ్, అంటే ప్రొటీన్లు తయారుచేసే జన్యుభాగాలు, కలిపి చూశాం. దీన్ని మేం ట్రయో అంటాం. ఊదారంగు మూత ఉన్న మూడు ట్యూబులు, మూడింటి మీదా పేర్లు నర్సు కాదు, రక్తం తీసిన మనిషే అక్కడికక్కడే రాయాలి. మరో కేసులో ఒక ల్యాబ్ తండ్రి ట్యూబునూ మేనమామ ట్యూబునూ తారుమారు చేసింది. రిపోర్టులో బిడ్డకు తండ్రి వేరన్నట్టు వచ్చింది. ఆ కాగితం ఆ ఇంటికి చేరి ఉంటే ఒక కాపురం కూలేది. చుట్టరికం లెక్కలు సరిచూడకుండా ఏ ట్రయో రిపోర్టూ బయటికి వదలొద్దు.

ఈ అబ్బాయి ట్రయోలో తల్లికీ తండ్రికీ లేని మార్పు ఒకటి బిడ్డలో కనిపించింది. కానీ ఆ జన్యువుకు ఏ జబ్బుతోనూ సంబంధం ఉన్నట్టు అప్పటికి ఎక్కడా లేదు. ఇలాంటి కొత్త మార్పులు ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ ఒకటో రెండో ఉంటాయి. కాబట్టి ఒక్క బిడ్డను పట్టుకుని ఇదే కారణమనడం ఊహే అవుతుంది. అదే జన్యువులో మార్పు, అవే లక్షణాలు ఉన్న రెండో బిడ్డ కావాలి. ఆ బిడ్డ గుంటూరులో ఉండొచ్చు, బ్రెజిల్‌లో ఉండొచ్చు.

ఇందుకోసమే 2013లో జీన్‌మ్యాచర్ వచ్చింది. మీ అనుమానం ఏ జన్యువు మీదో ఆ పేరు నమోదు చేస్తారు. ప్రపంచంలో ఎక్కడైనా ఇంకో డాక్టరు అదే పేరు నమోదు చేస్తే, ఇద్దరికీ ఒకేసారి మెయిల్ వస్తుంది. ఒకరి సమాచారంలోకి ఇంకొకరు తొంగిచూసే వీలుండదు. ఇలాంటి వేదికలను ఒకదానితో ఒకటి కలిపింది మ్యాచ్‌మేకర్ ఎక్స్‌ఛేంజ్. పేరులో ఉన్నట్టే ఇది పెళ్లిసంబంధాల పనే, జాతకం ఎంత బాగా రాస్తే సంబంధం అంత త్వరగా కుదురుతుంది. ఇక్కడ జాతకమంటే లక్షణాల పట్టిక. దాన్ని హెచ్‌పీవో అనే ఉమ్మడి పదకోశంలోంచి రాస్తాం. బెర్లిన్‌లో పీటర్ రాబిన్సన్ బృందం 2008లో తయారుచేసిన ఈ కోశంలో ప్రతి లక్షణానికీ ఒక సంఖ్య ఉంటుంది. ఫిట్స్ అంటే 1250, కండరాలు మెత్తబడటమంటే 1252. మనం ఒంగోలు మాటల్లో విన్నది పోర్చుగీసు డాక్టరుకు అర్థమయ్యేది ఈ సంఖ్యతోనే. "చూడ్డానికి తేడాగా ఉన్నాడు" అని రాస్తే ఎవరికీ పనికిరాదు. ఏ లక్షణం లేదో కూడా రాయండి, అది సగం పని తగ్గిస్తుంది.

ఆ అబ్బాయి జన్యువును అలా నమోదు చేసిన చాలా నెలల తర్వాత మెయిల్ వచ్చింది. యూరప్‌లో ఒక డాక్టరు దగ్గర అదే జన్యువులో మార్పున్న పిల్లలు ఉన్నారట. ఆవిడ ఒకే ప్రశ్న అడిగారు: మీ అబ్బాయి ఏదైనా నమిలేటప్పుడు వాలిన రెప్ప పైకి లేస్తుందా? మా పరీక్షల కాగితాల్లో అది లేదు. కేస్ షీట్ చివరి పేజీలో, కొటేషన్ గుర్తుల మధ్య, అమ్మమ్మ మాట ఉంది: "పాలు తాగేటప్పుడల్లా వీడి ఎడంకన్ను కొట్టుకునేది తల్లీ, ఇప్పుడు బిస్కెట్ తిన్నా అంతే." మార్కస్ గన్ లక్షణమని దానికి పేరుంది. దవడను కదిలించే నరం దారితప్పి రెప్ప కండరానికి చేరితే అలా అవుతుంది. పిల్లాడికి బిస్కెట్ ఇచ్చి వీడియో తీయించి పంపాం. ఆ తర్వాత ఇంకొన్ని దేశాల నుంచి కుటుంబాలు కలిశాయి. ఆ రోజు నేను ముందు ఫోన్ చేసింది మా మేడమ్‌కి.

తల్లి అడిగింది ఒక్కటే. "నా వల్ల వచ్చింది కాదు కదా మేడమ్?" కాదమ్మా, నీ వల్లా కాదు, మీ మేనరికం వల్లా కాదు, ఈ మార్పు బిడ్డలోనే కొత్తగా వచ్చింది అని చెప్పాను. అత్తగారిని కూడా లోపలికి పిలిచి ఆవిడ ఎదుట మళ్లీ చెప్పాను. మందు లేని జబ్బుకి పేరు తెలిస్తే ఏం లాభమని అడిగేవాళ్లు ఆ గదిలో ఉండాల్సింది. వచ్చే కాన్పులో ఇదే వచ్చే అవకాశం నూటికి ఒకటి వరకు ఉండొచ్చు, అదే రెండు ప్రతులూ చెడే రకమైతే నూటికి 25. ఈ రెండిటికీ మధ్య తేడా మీద ఒక కుటుంబం భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది.

ఎవరూ పట్టించుకోని ఇంకో చిక్కుంది. ఒక మార్పు అరుదైనదా కాదా అని చూసే పెద్ద అంతర్జాతీయ పట్టికల్లో యూరప్ మూలాలవాళ్లే ఎక్కువ. అక్కడ అరుదుగా కనిపించింది మన జిల్లాల్లో మామూలుగా ఉండొచ్చు. 2017లో సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు 260కి పైగా దక్షిణాసియా సమూహాలను చూస్తే, 81 సమూహాల్లో కొద్దిమంది పూర్వీకుల ముద్ర ఫిన్లాండ్ వాళ్లలో కంటే, అష్కెనాజీ యూదుల్లో కంటే బలంగా ఉంది. మన వైశ్య కుటుంబాల్లో కొందరికి ఆపరేషన్‌లో కండరాలు వదులు చేసే సక్సినైల్‌కోలిన్ ఇస్తే గంటల తరబడి శ్వాస తిరిగిరాకపోవడం ఇలాంటిదే. అందుకే మనవాళ్ల జన్యుక్రమాలు చదివిన సీఎస్‌ఐఆర్ ఇండిజెన్, 10 వేలమందితో చేసిన జీనోమ్ ఇండియా మా పనికి అంత ముఖ్యం. హైదరాబాద్ ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ నడిపే పిల్లల అరుదైన జబ్బుల కార్యక్రమం, ఐజీఐబీ పరిశోధన సంస్థ వాళ్ల గార్డియన్ కూటమి వల్ల ఒక ఊరి కేసు ఇంకో రాష్ట్రం డాక్టరు కంటపడుతోంది.

అందరూ ఇలా పంచుకోరు. ఒక పెద్దాసుపత్రి వాళ్లు తమ పేపరు అచ్చయ్యేదాకా జన్యువు పేరు చెప్పలేదు. ఆ మధ్యకాలంలో అదే జబ్బున్న బిడ్డతో మా దగ్గరకొచ్చిన కుటుంబం ఏ పరీక్షా లేకుండానే ఇంకో బిడ్డను కంది, ఆ బిడ్డకీ అదే జబ్బు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది.

తేలని కేసును అటక మీద పెట్టొద్దు. ఏడాదికో రెండేళ్లకో పాత డేటానే మళ్లీ తీసి చూడాలి. యూరప్‌లో సాల్వ్-ఆర్‌డీ అనే అరుదైన జబ్బుల ప్రాజెక్టు వాళ్లు ఏమీ తేలని 6,004 కుటుంబాల డేటాను మళ్లీ జల్లెడ పట్టి 506 కుటుంబాలకు జవాబు తెచ్చారు. 2024లో ఆర్‌ఎన్‌యూ4-2 బయటపడింది. ప్రొటీన్ తయారుచేయని చిన్న జన్యువది, ఎక్సోమ్‌కు చిక్కదు. పూర్తి జీనోమ్ చేయించినవాళ్ల ఫైళ్లు మళ్లీ తెరిస్తే, ఎదుగుదల లేని ఎందరో పిల్లల జబ్బుకు అదే కారణమని దేశదేశాల్లో తేలింది. ఆ వార్త వచ్చిన వారం మా గదిలో రాత్రి దాకా దీపాలు ఆర్పలేదు.

రిపోర్టులో వీయూఎస్ అని వస్తే, అంటే మంచిదో చెడ్డదో ఇంకా తెలియని మార్పు అయితే, దాన్ని చూసి గర్భం తీయించుకోమనో ఉంచుకోమనో ఎవరికీ చెప్పకండి. "ఇంకా తెలియదు, వెతుకుతున్నాం" అనండి. సమ్మతి పత్రంలో డేటా పంచుకోవడం, ఫొటో పంపడం, మళ్లీ సంప్రదించడం మూడింటికీ విడివిడిగా సంతకం తీసుకోండి. చదువు రానివాళ్లకు ప్రతి వాక్యం చదివి వినిపించండి. ఫోన్ నంబర్లు మూడు రాసుకోండి: తండ్రిది, మేనమామది, ఊరి ఆశా కార్యకర్తది. తండ్రి నంబరు రీఛార్జి లేక పోతుంది, కుటుంబం పనికోసం బెంగళూరు వెళ్తుంది. జవాబు దొరికేసరికి ఆ మూడింటిలో ఒకటైనా మోగాలి.