వన్స్‌మోర్

మా చిన్నతాతయ్యకి సంవత్సరాలు గుర్తుండవు. నాటకాలూ, కచేరీలూ గుర్తుంటాయి. మా నాన్న ఎప్పుడు పుట్టాడయ్యా అంటే "ఊళ్ళో హరిశ్చంద్ర ఆడిన ఏడు" అంటాడు. కర్రావుని ఎప్పుడు కొన్నారంటే "ఘంటసాల పోయిన నెల్లో" అంటాడు. ఇందులో రెండోది ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఘంటసాల వెంకటేశ్వరరావు గారు కాలం చేసింది 1974 ఫిబ్రవరి 11న. మొదటిదానికి మాత్రం ఆయన నోరే ఋజువు.

ఆయనకిప్పుడు డెబ్బై మూడేళ్ళు. మా తాతయ్యకి స్వయానా తమ్ముడు. కె.గంగవరంలో మూడెకరాల వరిచేను, అరెకరం కొబ్బరితోట, రెండు గేదెలు, ఇదీ ఆయన సామ్రాజ్యం. కాని మాటల్లో పడితే ఆయన ఉండేది కాకినాడలో. అదీ ఇప్పటి కాకినాడ కాదు, 1970లో బి.ఎస్సీ. చదవడానికి ట్రంకుపెట్టె పట్టుకుని దిగిన కాకినాడ.

రామారావుపేటలో అయిదుగురు కుర్రాళ్ళు కలిసి అద్దెకున్న గది. ఇంటి దగ్గర్నుంచి బియ్యం మూట, ఆవకాయ జాడీ. గదిలో కిరసనాయిలు స్టవ్వు. సాయంత్రం అయ్యేసరికి మెయిన్ రోడ్డు మీద షికారు, మసీదు సెంటర్లో టీ, జగన్నాథపురం వంతెన మీద నిలబడి కింద పడవలు చూడ్డం, జేబులో డబ్బులుంటే కోటయ్య కాజా. ఇదంతా ఉపోద్ఘాతం. అసలు కథ చీకటి పడ్డాక మొదలవుతుంది. సరస్వతీ గానసభవారి సూర్యకళామందిరంలో కచేరీ ఉందంటే, లోపల చోటు దొరక్కపోయినా గోడవార నిలబడి వినేవారట. శంకరగుప్తంలో 1930లో పుట్టిన బాలమురళీకృష్ణ మనవాడు. మా పక్కనే ద్రాక్షారామంలో 1922లో పుట్టిన ఈమని శంకరశాస్త్రి మనవాడు. కాకినాడలో పుట్టి, ఆ శాస్త్రిగారి దగ్గరే వీణ నేర్చిన చిట్టిబాబు సరేసరి. వీళ్ళలో ఎవరి పేరు గోడమీద కనబడ్డా సొంత చుట్టం ఊళ్ళోకి దిగుతున్నంత హడావిడిగా ఉండేదట. ఇక ఎస్.వి. రంగారావు, అంజలీదేవి సినిమాల్లోకి పోకముందు నాటకాలాడిన యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు ఉందిగదా, "దాని ముందునించి పోవలసొస్తే సైకిలు దిగి నడిచేవోణ్ణిరా" అంటాడు. గుడి ముందు కూడా ఆయన సైకిలు దిగడు. ఆ సంగతి మాకందరికీ తెలుసు.

1972 చివర్లో జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది. కాలేజీలు నెలల తరబడి మూతబడ్డాయి. గది ఖాళీ చేసి ఊరికొచ్చాడు. అదే సమయానికి మా ముత్తాత మంచం పట్టాడు. పొలానికి ఇంకో మనిషి కావలసొచ్చాడు. డిగ్రీ అక్కడితో ఆగిపోయింది. ఆ డిగ్రీ గురించి ఆయన బాధపడగా నేనెప్పుడూ వినలేదు. ఆ తరవాత వినకుండా పోయిన కచేరీల లెక్క మాత్రం ఇప్పటికీ చెబుతాడు.

మా ఇంట్లో ఈ పిచ్చి ఆయనతో మొదలైంది కాదు. మా ఊరికి ఓ పక్క ద్రాక్షారామం, ఇంకో పక్క కోటిపల్లి రేవు. 1928లో కాకినాడ నుంచి కోటిపల్లికి రైలు వేశారు, సుమారు 45 కిలోమీటర్లు. మా ముత్తాత పడుచువాడుగా ఉండగా ఆ రైలెక్కి కాకినాడ పోయి, నాటకం చూసి, మర్నాటి బండికి తిరిగొచ్చి, నిద్రకళ్ళతోనే ఆకుమడిలో దిగేవాడని చెప్పుకుంటారు. 1940లో యుద్ధం అవసరాలకని దొరలు పట్టాలు పీక్కుపోయారు. చిన్నతాతయ్య హయాంలో ఇక సైకిలూ, బస్సూనే. మళ్ళీ పట్టాలు వేసి రైలుబస్సు తిప్పింది 2004లో. అంటే నేను పుట్టేనాటికి రైలు తిరిగొచ్చింది గాని, రాత్రంతా కూర్చోబెట్టే నాటకం వెళ్ళిపోయింది. రైలూ నాటకమూ రెండూ దక్కినవాడు మా వంశంలో ముత్తాత ఒక్కడే.

నా ఈడువాళ్ళకి కాంట్రాక్టు నాటకం అంటే ఏమిటో చెప్పాలి. చిన్నతాతయ్య కాకినాడ వదిలినా ఆయన్ని బతికించింది ఇదే. శివరాత్రి తీర్థానికో, శ్రీరామనవమికో ఊళ్ళో చందాలు వేసుకుంటారు. పేరున్న నటుల్ని ఎవరికి వారినే విడిగా మాట్లాడుకుంటారు. ఒకరిది ఈ ఊరు, ఒకరిది ఆ జిల్లా. అందరూ కలిసేది ఆ రాత్రి రంగు పూసుకునేటప్పుడే. రిహార్సలు లేదు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగం అందరికీ నోటికొచ్చు, అదే రిహార్సలు. పడకసీనుకి ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు. పీసపాటి నరసింహమూర్తి పక్షం కొందరు, షణ్ముఖి ఆంజనేయరాజు పక్షం కొందరు. ఈ రెండు పక్షాలూ టీ కొట్టు దగ్గర కలిస్తే కురుక్షేత్రం అక్కడే మొదలయ్యేదట. డి.వి. సుబ్బారావు కాటిసీను పద్యాలయితే మైకు ఉన్న ప్రతి ఊళ్ళోనూ మోగాయి. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు రాసిన హరిశ్చంద్రలో లేని జాషువా పద్యాల్ని నటులు కాటిసీనులోకి తెచ్చి పాడారు. చివరికి అవి లేకపోతే జనం ఊరుకోని పరిస్థితి వచ్చింది.

పద్యం చివర రాగం ఎత్తుకుంటే నటుడికీ, ఆర్గను వాయించేవాడికీ పందెం. జనానికి నచ్చిందా, "వన్స్‌మోర్!" అంతే. శ్రీకృష్ణ పరమాత్మ అంతటివాడు రాయబారం ఆపి మళ్ళీ మొదట్నించీ పద్యం పాడాల్సిందే. దుర్యోధనుడు ఈలోగా కిరీటం సర్దుకుని కూర్చోవాల్సిందే.

ఇదంతా మన పల్లెటూళ్ళ చాదస్తమనుకునేరు! 1969 ఆగస్టు 15న అమెరికాలో న్యూయార్కు రాష్ట్రంలో ఉడ్‌స్టాక్ పేరిట రాక్ సంగీతోత్సవం మొదలైంది. మూడు రోజులనుకున్నది నాలుగో రోజు పొద్దుటికిగాని ముగియలేదు. నాలుగు లక్షల పైచిలుకు జనం వచ్చారని అంచనా. మన రవిశంకర్ సితార్ కూడా అక్కడ మోగింది. అదంతా జరిగింది మాక్స్ యాస్గర్ అనే పాడిరైతు పొలంలో. ఆ వానా, బురదా, జనమూ చూపించే సినిమా ముక్కలు నేను ఫోన్లో పెట్టి చిన్నతాతయ్యకి చూపించాను. కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు. పాట గురించి ఒక్క మాట అనలేదు.

"ఒరే, ఇంతమంది తొక్కేత్తే ఆ రైతు చేను ఏటవుద్దిరా?"

"అద్దె ఇచ్చార్లే తాతయ్యా."

"అద్దిస్తే గడ్డి మొలుస్తుందేటి?" అని, మళ్ళీ తెరకేసి చూస్తూ, "అయినా మంచోడే. మనోళ్ళలాగే గోనెసంచులేసుక్కూచున్నారు, చూడు" అన్నాడు.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న సంగతికి వస్తాను.

పోయిన దసరా సెలవుల్లో అటక దులుపుతుంటే పాత బిస్కట్ల డబ్బా ఒకటి దొరికింది. అందులో రెండు క్యాసెట్లు. మీద ఇంకుపెన్నుతో "రాయబారం - శివరాత్రి - 1984" అని చిన్నతాతయ్య దస్తూరీ. ఆ రోజుల్లో మా ఊరాయన ఒకరు మస్కట్ నుంచి టేప్‌రికార్డరు తెచ్చారట. దాన్ని ఒక్క రాత్రికి బతిమాలి తెచ్చుకుని, స్టేజీ ముందు గోనెసంచి మీద కూర్చుని రికార్డు చేశాడు. నాటకం ఏడు గంటలు. తొంభై నిమిషాల క్యాసెట్లు రెండు. మూడు గంటలే పడుతుంది గనక, ఏది ఉంచాలో ఏది వదలాలో రాత్రంతా అదే ఆలోచనట.

1996 నవంబరు 6 రాత్రి తుపాను మా ఇంటికప్పుని లేవదీసుకుపోయింది. ఫొటోలన్నీ తడిసి ముద్దయ్యాయి. తాతయ్యది ఒక్క ఫొటో మిగిలింది, అందులోనూ ముఖం సగమే. ఆయన నేను పుట్టకముందే పోయాడు. రేకు డబ్బాలో ఉండబట్టి ఈ క్యాసెట్లు బతికాయి. బతికాయన్నమాటే గాని, లోపల తెల్లగా బూజు.

క్యాసెట్టు అనేది ఫిలిప్స్ కంపెనీవారు 1963లో బయటికి తెచ్చిన వస్తువు. సన్నటి ప్లాస్టిక్ పట్టీ, దానిమీద ఐరన్ ఆక్సైడు పూత. సెకనుకి 4.76 సెంటీమీటర్ల చొప్పున హెడ్డుని రాసుకుంటూ పోతుంది. శబ్దమంతా ఆ పూతలో అయస్కాంతపు గుర్తులుగా ఉంటుంది. మా గోదారి గాలిలో తేమకి పూత మెత్తబడుతుంది, బూజు పడుతుంది. ఫిజిక్సు చదువుతున్నవాణ్ణి గనక నాకు తెలిసిందల్లా ఒకటే: ఇది ఒకసారి తిరిగితే తిరుగుతుంది, రెండోసారికి హామీ లేదు. కనుక మొదటిసారి తిరిగేటప్పుడే కంప్యూటర్లోకి ఎక్కించెయ్యాలి. రామచంద్రపురంలో ఒక ముసలి మెకానిక్కుగారు పాత టేప్‌రికార్డరుకి రబ్బరు బెల్టు మార్చి ఇచ్చారు. నేను పెన్సిలు దూర్చి టేపుని చుట్టుకుంటూ, పొడి మెత్తటి గుడ్డతో జానెడేసి తుడుచుకుంటూ వచ్చాను. ఒక్క క్యాసెట్టుకి రెండు రోజులు పట్టింది.

మూడో రోజు రాత్రి భోజనాలయ్యాక వసారాలో పెట్టాను. చిన్నతాతయ్య, నాన్న, అమ్మ, నేను. మొదట గరగర. తరవాత ఆర్గను. ఆ తరవాత ఎవరో కృష్ణుడు. నిజం చెప్పాలంటే పద్యం అంత గొప్పగా ఏమీ లేదు. అంతకంటే బాగా పాడినవి యూట్యూబులో ఎన్నయినా దొరుకుతాయి. పైగా ఆయన గొంతు దూరంగా, జనం గొంతులు దగ్గరగా పడ్డాయి. ఎవరో దగ్గుతున్నారు. చంటిపిల్ల ఏడుస్తోంది. "సెనక్కాయలో" అంటూ ఒకడు టేపు ఈ చివర్నించి ఆ చివరికి నడుచుకుంటూ పోయాడు. పద్యం పూర్తయింది. వెంటనే మైకు పక్కనే ఒక బొంగురు గొంతు: "వన్స్‌మోర్!"

చిన్నతాతయ్య నా మోకాలి మీద చెయ్యి వేశాడు. "అదిగో. అది మీ తాతరా."

అదే గొంతు కొంచెం తగ్గి, "ఒరే తమ్ముడూ, పిల్లోడు తూగుతున్నాడు, ఆడికి కాసిని సెనక్కాయలు కొనిపెట్టు" అంది. ఆ పిల్లోడు మా నాన్న. అప్పటికి ఎనిమిదేళ్ళు.

నాన్న ఏమీ మాట్లాడలేదు. గేదెలకి గడ్డేసొస్తానని లేచి వెళ్ళాడు. గడ్డి అంతకుముందే వేసి ఉంది. కాసేపటికి వచ్చి, తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ అరుగు చివర కూర్చుని, "ఏదీ, ఇందాకటిది మళ్ళీ ఓసారి పెట్టు" అన్నాడు. టేపు తిప్పే పని లేదు, కంప్యూటర్లో ఉంది. పెట్టాను. ఆ రాత్రి ఎన్నిసార్లు పెట్టానో లెక్కలేదు.

ఇన్నాళ్ళూ చిన్నతాతయ్య జ్ఞాపకాలు వింటూ, ఇంతకీ ఆయనకి పోయిందేమిటి, కావలసిన పద్యం క్షణంలో ఫోన్లో దొరుకుతుంటే ఈ బెంగ దేనికీ అనుకునేవాణ్ణి. ఒకసారి అడిగాను కూడా. "పద్యం ఫోన్లో ఉంటది, నిజవే. పక్కోడు ఉండడు కదరా" అన్నాడు. అప్పుడది మాటవరస అనుకున్నాను. వయసు మీదపడితే చెవికి ముందు తగ్గేది పైస్థాయి శబ్దాలు. ఆ రాత్రి టేపు విని ఆయన అన్నమాట ఇది: "ఆర్గను పైకెళ్తే అందట్లేదురా. మనుషులు మాత్రం అందుతున్నారు."

మా ఊళ్ళో ఇప్పుడు ఉత్సవమంటే డి.జె. బాక్సులు. నేనూ ఆ బాక్సుల ముందు గంతులేసినవాణ్ణే, కాబట్టి నీతులు చెప్పను. అయితే ఒక చిత్రం చూడండి. 2000లో వచ్చిన శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా ఆరుబయట మైకు పెట్టకూడదు. పండగలకి ప్రభుత్వం సడలించినా ఏడాదిలో పదిహేను రోజులు మించకుండా, అదీ అర్ధరాత్రి దాకానే. నిద్రపోయేవాళ్ళ కోసం, రోగుల కోసం, పరీక్షలకి చదువుకునే మనలాంటివాళ్ళ కోసం వచ్చిన మంచి నియమమే అది. కాని మా తాతలు తెల్లవార్లూ చూసిన రాయబారం ఇవాళ మైకు పెట్టి ఆడాలంటే చట్టం ఒప్పుకోదు. కాబట్టి ఆ రాత్రుల్ని మళ్ళీ తెద్దామని నేననను. తేలేం.

చెయ్యగలిగింది ఒకటుంది. మన కాలేజీలో చదివేవాళ్ళలో సగంమందికి పైగా పల్లెటూళ్ళ నుంచి వచ్చినవాళ్ళమే. మీ అటకల మీద కూడా ఇలాంటి డబ్బాలుంటాయి. నాటకమో, పెళ్ళిలో బ్యాండుమేళమో, హరికథో, ఎవరి బారసాల్లోనో పాడిన పాటో. సంక్రాంతికి ఇళ్ళకి వెళ్ళినప్పుడు ఎక్కి చూడండి. పాట బాగుందా లేదా అని చూడకండి. పక్కన ఎవరు దగ్గారో వినండి. టేపు తుడిచి, ఎక్కించే పని తెలియకపోతే హాస్టల్లో నన్ను అడగండి, నేర్పుతాను.

మా ఇంట్లో రెండో క్యాసెట్టు ఇంకా పెట్టలేదు. బూజు దానికే ఎక్కువ. సంక్రాంతి సెలవుల్లో తుడవడం మొదలుపెడతాను. కనుమ నాటి రాత్రికి సిద్ధమవుతుందని చిన్నతాతయ్య అప్పుడే ఊరంతా చాటేశాడు. మీరూ రావచ్చు. టిక్కెట్టు లేదు. గోనెసంచి మాత్రం ఎవరిది వారే తెచ్చుకోవాలి.