నంబర్ చెప్పండి మేడమ్

రెండు హెయిర్ క్లిప్పులు, ఒక దువ్వెన, అమ్మ మోకాళ్లకి ఒక బామ్ సీసా. నేను కొన్నది ఇంతే. బెజవాడ బీసెంట్ రోడ్డుకి దగ్గర్లో ఒక ఏసీ షాపు. కౌంటర్లో అమ్మాయి తల ఎత్తకుండానే "నంబర్ చెప్పండి మేడమ్" అంది.

"ఏ నంబరు?"

"మొబైల్ నంబర్ మేడమ్. కొట్టకపోతే బిల్లు రాదు."

నాది ఫ్రాంక్‌ఫర్ట్ నంబరు. ప్లస్ నలభై తొమ్మిదితో మొదలై పదంకెలు దాటిపోతుంది. ఆ కంప్యూటర్లో పదికి మించి పట్టవు. "ఇండియా నంబరు లేదమ్మా" అన్నాను. అప్పుడు తలెత్తి చూసింది, పాపం అన్నట్టు. లైన్లో నా వెనకాయనకి చిరాకొచ్చింది. "ఏదో ఒకటి చెప్పండమ్మా, నంబరేగా" అన్నాడు. ఆఖరికి ఆ పిల్లే "పర్లేదు మేడమ్, మా సార్ నంబర్ కొట్టేస్తా" అని టకటకా పదంకెలూ కొట్టేసింది. ఆ సారు పేరు మీద ఇప్పటికి ఎన్ని క్లిప్పులు, ఎన్ని దువ్వెనలు జమ అయ్యాయో! ఆ లెక్కలు చూసేవాడెవడో, ఈ బెజవాడ పెద్దమనిషికి జుట్టు మీద ఇంత మోజేమిట్రా అని బుర్ర గోక్కుంటూ ఉంటాడు.

అంతవరకే అయితే నవ్వుకుని ఊరుకునేదాన్ని. కానీ నాకంటే ముందు ఒక కాలేజీ పిల్ల నిలబడింది. నంబరు అడగ్గానే పక్కకి ఒకసారి చూసింది. పక్క కౌంటర్ దగ్గర ఇద్దరు కుర్రాళ్లు ఉన్నారు. గొంతు తగ్గించి చెప్పింది. కౌంటర్ అమ్మాయికి వినపడలేదు. "గట్టిగా చెప్పండి" అంది. రెండోసారి చెప్తే షాపు మొత్తానికి వినపడింది. సరిపోయిందో లేదోనని కౌంటర్ అమ్మాయి దాన్ని మళ్లీ పైకి చదివింది కూడా. ఆ పిల్ల సంచీ తీసుకుని గబగబా మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి అమ్మకి చెప్తే, "అడిగింది నంబరేగా, నగలేం అడగలేదుగా. నీ జర్మనీ చాదస్తం నువ్వూనూ" అంది. అమ్మ ఎవరడిగినా నంబరు ఇస్తుంది. మందుల షాపులో ఇస్తుంది, చీరల షాపులో ఇస్తుంది, ఎగ్జిబిషన్‌లో లక్కీ డ్రా అంటే చీటీ మీద రాసి డబ్బాలో వేస్తుంది. ఆవిడ ఫోన్ తీసి చూశాను. అమరావతిలో ప్లాట్లు. అక్షయ తృతీయకి తరుగు మీద తగ్గింపు. ఇవి కాక, ఫ్యామిలీ పెన్షన్‌తో బతికే డెబ్బై దాటిన మనిషికి, అయిదు లక్షల పర్సనల్ లోన్ మంజూరయిందని శుభవార్త. "వీళ్లకి నీ నంబరు ఎవరిచ్చారమ్మా?" అంటే, "ఎవరో మనవాళ్లే ఇచ్చుంటార్లే" అంది.

అమ్మ అన్న చాదస్తం మాట నిజమే. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇన్నేళ్లుగా బ్రెడ్డు కొంటున్నాను, చెప్పులు కొంటున్నాను. నంబర్ చెప్పకపోతే బిల్లు రాదన్నవాడు అక్కడ నాకు ఎదురుపడలేదు. డబ్బిచ్చాం, సరుకు తీసుకున్నాం, మంచిది వస్తాను. ఇష్టమైతే పాయింట్ల కార్డు పెట్టుకోవచ్చు, అది వేరే సంగతి. ఈ పట్టింపు అక్కడి మట్టిలోనే ఉంది. లోకంలో మొట్టమొదటి డేటా రక్షణ చట్టం చేసింది మా హెస్సెన్ రాష్ట్రమే, 1970లో. మన ఊళ్లో టెలిఫోన్ కనెక్షన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే రోజులవి. 1983లో జనాభా లెక్కలకి ప్రశ్నలు ఎక్కువయ్యాయని జనం గొడవ చేస్తే, కార్ల్స్‌రూహెలో ఉన్న రాజ్యాంగ న్యాయస్థానం ఆ లెక్కలు ఆపించి, తన సమాచారం మీద హక్కు ఆ మనిషిదేనని తీర్పు చెప్పింది. 2010లో గూగుల్ వాళ్లు స్ట్రీట్ వ్యూ పెడతామంటే, ఇరవై నగరాల్లో దాదాపు 2,44,000 కుటుంబాలు మా ఇల్లు కనపడకుండా చెయ్యమని అర్జీ పెట్టుకున్నాయి. ఇంటి గోడ! రోడ్డు మీద పోయే ప్రతివాడికీ కనపడే గోడ! మొదట్లో నాకు పొట్టచెక్కలయ్యేంత నవ్వొచ్చింది.

బెర్లిన్‌లో స్టాసీ మ్యూజియం చూశాక ఆ నవ్వు తగ్గింది. తూర్పు జర్మనీ రహస్య పోలీసుల పాత ప్రధాన కార్యాలయం అది. వాళ్లు మనుషుల వాసన కూడా దాచిపెట్టేవాళ్లు. విచారణకి పిలిచిన మనిషి కూర్చున్న కుర్చీ మీద ఒక పసుపుపచ్చ గుడ్డ పెట్టి, దానికి వాసన పట్టాక గాజు సీసాలో వేసి మూత బిగించేవారు. రేపు ఎప్పుడైనా పోలీసు కుక్కకి చూపించడానికి. సీసాలో మడత పెట్టిన ఆ గుడ్డ చూస్తే మా వంటింట్లో మసిగుడ్డ గుర్తొచ్చింది, ఒళ్లు జలదరించింది. వాళ్లు వదిలిపెట్టిపోయిన ఫైళ్లు వరసగా పేరిస్తే 111 కిలోమీటర్లట. గోడ కూలిన ఏడాది, 1989లో, జీతగాళ్లు తొంభై వేల పైచిలుకు. ఇక రహస్యంగా కబుర్లు మోసేవాళ్లు లక్షా ఎనభై వేలకి పైనే. వాళ్లలో పక్కింటివాళ్లూ స్నేహితులూ కూడా ఉన్నారు. అలాంటి చోట పుట్టి పెరిగిన మనిషి నంబరు చెప్పమంటే "ఎందుకు?" అంటాడు మరి.

అయితే ఈ జర్మన్లు మరీ మడి కట్టుకున్నవాళ్లేం కాదు. అద్దె ఇల్లు కావాలంటే మూడు నెలల జీతం కాగితాలు, అప్పులు సరిగ్గా తీర్చామో లేదో చెప్పే షూఫా పత్రం, ఇంకా ఓనరు ఏది అడిగితే అది చేతిలో పెట్టాలి. ఇల్లు మారిన రెండు వారాల్లో పోయి ప్రభుత్వానికి చిరునామా రాయించుకోవాలి, అక్కడ మతం కూడా అడుగుతారు, చర్చి పన్ను కోసం. ఫోటోలో గోడ కనపడకూడదన్నవాడు గుమ్మం పక్కన బెల్లు మీద ఇంటిపేరు అచ్చేయించి పెడతాడు! మా పక్కింటావిడ నా జీతం ఎంతో, నాకు పిల్లలెందరో ఇంతవరకు అడగలేదు. కానీ అట్టపెట్టెల డబ్బాలో నేను ప్లాస్టిక్ కవరు వేస్తే మర్నాటికి తలుపుకి చీటీ అతికించి ఉంటుంది.

మా వీధి చివర బేకరీలో ఇప్పటికీ నగదే. 2023లో కూడా జర్మనీ దుకాణాల్లో జరిగిన చెల్లింపుల్లో సగానికి పైన నగదుతోనేనని వాళ్ల కేంద్ర బ్యాంకే లెక్క చెప్పింది. నా బ్యాంకు వాళ్లు పిన్ నంబరు కవర్లో పెట్టి పోస్టులో పంపిస్తారు. మన దగ్గర బందరు రోడ్డు మీద కొబ్బరి బొండాలాయన ఒక చేత్తో కత్తి పట్టుకుని రెండో చేత్తో స్కానరు అట్ట చూపిస్తాడు, పక్కన స్పీకరు డబ్బులు ముట్టాయని చెప్పేస్తుంది. చూసినప్పుడల్లా ఛాతీ పొంగుతుంది. జర్మన్ సహోద్యోగులకి ఆ వీడియో చూపించి గొప్పలు పోయాను కూడా. ఆ బొండాలాయన నన్ను నంబరు అడగలేదు, అది గమనించండి.

ఇంకోటి. 2025 అక్టోబరు 12 నుంచి షెంగెన్ దేశాలు కొత్త పద్ధతి మొదలుపెట్టాయి. బయటి దేశాల నుంచి చూడ్డానికి వచ్చేవాళ్ల ముఖం సరిహద్దులో ఫోటో తీసి మూడేళ్లు దాచుకుంటారు. మా అమ్మలా వీసా మీద వచ్చేవాళ్ల వేలిముద్రలైతే వీసా అడిగినప్పుడే తీసేసుకుంటారు. అంటే తన ఇంటి గోడ ఫోటో వద్దన్న దేశమే, ఎండాకాలం నా దగ్గరికి వచ్చే మా అమ్మ వేళ్లని మాత్రం గాజు మీద పెట్టించి ముద్ర వేయించుకుంటుంది. ఆవకాయ కలిపీ కలిపీ అరిగిపోయిన వేళ్లు అవి, ఆధార్‌కే ఒక పట్టాన పడలేదు. జర్మన్ల పట్టింపు జర్మన్లకే!

నిజానికి మనం దాపరికాల మనుషులం కాదు. గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేముందు నాన్న బోగీ తలుపు పక్కన అతికించిన చార్టు ముందు నిలబడేవాడు. జిగురు ఇంకా తడిగా ఉండేది. వేలు పెట్టి మా పేర్లు చూసుకుని అక్కడితో ఆగేవాడు కాదు. మా కూపేలో మిగతా బెర్తులు ఎవరివో మొత్తం చదివేవాడు. పేరు, వయసు, ఆడా మగా. "పై బెర్తు ముసలాయనకి ఇచ్చార్రా, డెబ్బై ఒకటట, మనది మార్చుకుందాం" అనేవాడు. రైలు కదలకముందే ఆ ముసలాయనా మా సంగతి చదువుకుని ఉండేవాడు. ఏలూరు వచ్చేసరికి ఆయన అల్లుడి ఉద్యోగం మాకు తెలిసేది, మా నాన్న జీతం ఆయనకి తెలిసేది. పులిహోర పొట్లం అటు వెళ్లేది, జంతికలు ఇటు వచ్చేవి. 2018లో పెద్ద స్టేషన్లలో ఆ చార్టులు అతికించడం ఆపేశారు, కాగితం దండగని.

జర్మన్ స్నేహితురాలికి ఈ చార్టు సంగతి చెప్తే గుడ్లు తేలేసింది. ఆడపిల్లల పేర్లు, వయసులు ప్లాట్‌ఫారం మీదా అంది. ఆవిడన్న భయం అబద్ధం కాదు, నాకు ఆ రోజుల్లో తట్టలేదంతే. అయినా ఆ చార్టు తరఫున నేను ఆవిడతో గంటసేపు వాదించాను. అందులో నా పేరు చదివినవాడి పేరు నేనూ చదివేదాన్ని. వాడు నాకు ఎదురుగానే కూర్చునేవాడు. నీ జీతం ఎంతమ్మా అని అడిగిన పిన్నిని, బాబాయ్‌కి ప్రమోషన్ వచ్చిందా అని నేను తిరిగి అడగ్గలను. ఇప్పుడు నంబరు పుచ్చుకున్న షాపువాడిని ఏం అడగను? ఎవరికి ఇచ్చావయ్యా అంటే కౌంటర్లో పిల్లకి తెలియదు, వాళ్ల సారుకీ తెలియదు.

ఈ నంబరు గోల నన్ను ఫ్రాంక్‌ఫర్ట్‌లోనూ వదల్లేదు. ఇండియాలో నాకున్న బ్యాంకు ఖాతాకి ఓటీపీ అమ్మ ఫోన్‌కే వస్తుంది. నేను ఆఫీసు పని ముగించుకుని కూర్చునేసరికి బెజవాడలో అర్ధరాత్రి. అమ్మ నిద్రలో లేచి, కళ్లజోడు వెతుక్కుని, "ఆరు... తొమ్మిదా? కాదు కాదు ఆరే" అని చదివేలోపు గడువు అయిపోతుంది. 2023లో విదేశీ నంబర్లతోనూ యూపీఐ వాడుకోవచ్చని పది దేశాల వాళ్లకి వెసులుబాటిచ్చారు. ఆ పదింట్లో జర్మనీ లేదు.

పుట్టస్వామి గారిని తలుచుకుంటాను ఇలాంటప్పుడు. కర్ణాటక హైకోర్టులో జడ్జీగా చేసి రిటైరైన పెద్దాయన, ఎనభై దాటాక ఆధార్ మీద సుప్రీంకోర్టుకి వెళ్లాడు. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కని చెప్పారు. ఆ తర్వాత 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, అందులో అసలైన బాధ్యతలు అమల్లోకి రావడానికి ఇంకో పద్దెనిమిది నెలలు గడువు పెట్టారు.

అమ్మలాంటి వాళ్లు అన్నాళ్లు ఆగక్కర్లేదు. బిల్లు కోసం మొబైల్ నంబరు ఇవ్వాల్సిందేనని పట్టుబట్టొద్దని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 మేలోనే దుకాణాలకి చెప్పింది. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే. మీరు ఏ దేశంలో ఉన్నా సరే, ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఈ రెండు ముక్కలు పెద్దవాళ్లకి చెప్పండి. చాదస్తం అంటారు. అననివ్వండి, చెప్పండి.