మచ్చలు పడిన అరటిపండ్లు

అమీర్‌పేట మెట్రో స్టేషన్ హైదరాబాదులో రెండు మెట్రో మార్గాలు కలిసే కూడలి. కింద మైత్రీవనం చుట్టూ శిక్షణ సంస్థల బోర్డులు, వెనుక సందుల్లో హాస్టళ్లు. కర్నూలు నుండి, కరీంనగర్ నుండి, గుంటూరు నుండి వచ్చిన పిల్లలు చేతిలో పుస్తకంతో, కళ్లలో ఉద్యోగపు ఆశతో ఇక్కడ తిరుగుతుంటారు. పంజగుట్ట వైపు సాగితే, ఒకప్పుడు నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా మొదలైన నిమ్స్ వస్తుంది. హాస్టల్ పిల్లల ఆకలికీ, రోగుల పరామర్శకూ అక్కరకు వచ్చేది ఒకటే పండు, అరటి. అందుకే ఈ దారిలో అరటిపండ్ల బండ్లకు కొదవ లేదు.

దివ్యఖుర్ఆన్ 56వ సూరాలో స్వర్గవాసుల కోసం పేర్కొన్న 'తల్హ్' అరటియేనని అనేకమంది వ్యాఖ్యాతలు అన్నారు. 76వ సూరాలో అల్లం కలిపిన పానీయం ప్రస్తావన ఉంది. ఇంతటి అనుగ్రహం సాయంత్రానికి తొక్కపై నల్లమచ్చలు పడితే చాలు, కొనేవారు ముఖం తిప్పుకుంటారు. బండివాని ఆ నాటి లాభం అక్కడే కరిగిపోతుంది. నిజానికి పండు మాగేకొద్దీ అందులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. కేకుకు కావలసినది సరిగ్గా ఆ పండే. దానిని కొంటే వృథా తప్పుతుంది, బండివానికీ నాలుగు రూపాయలు దక్కుతాయి.

ఈ వీధుల్లో కేకుల దుకాణాలూ అనేకం. అద్దాల వెనుక మెరిసే కేకు ముందు మన ఇంటివారికి ఎదురయ్యే ప్రశ్న రుచి గురించి కాదు. ఇది హలాలేనా? నిగనిగలాడే పైపూతలో జెలటిన్ ఉండవచ్చు. ఎర్రరంగులో ఐ.ఎన్.ఎస్. 120 ఉంటే అది పురుగుల నుండి తీసినది. ఐ.ఎన్.ఎస్. 471 నూనెగింజల నుండీ రావచ్చు, జంతువుల కొవ్వు నుండీ రావచ్చు. ప్యాకెట్టుపై ఆకుపచ్చ చుక్క ఉంటే ఈ జంతు సంబంధమైన సందేహం తీరుతుంది. అయితే సారాయి సంగతి ఆ చుక్క చెప్పదు. కొన్ని వెనిల్లా ద్రవాలలో అది ఉంటుంది. కనుక మేము వెనిల్లా మాని యాలకులు వాడతాము.

బిస్మిల్లాహ్ అని మొదలుపెడదాం. బాగా మాగిన మూడు పెద్ద పండ్లను మెత్తగా మెదపాలి. రెండు గుడ్లు, 100 మిల్లీలీటర్ల నూనె, 120 గ్రాముల బెల్లం పొడి, మూడు చెంచాల పెరుగు కలిపి గిలక్కొట్టాలి. 200 గ్రాముల మైదాలో చెంచాడు వంటసోడా, చెంచాడు దాల్చినచెక్క పొడి, అరచెంచా శొంఠి, కొద్దిగా యాలకుల పొడి, చిటికెడు జాజికాయ, చిటికెడు ఉప్పు వేసి జల్లించి కలపాలి. పెరుగులోని పులుపు సోడాను తాకి పిండిని పొంగిస్తుంది. కనుక కలిపిన వెంటనే ఓవెన్‌లో 170 డిగ్రీల వద్ద సుమారు 50 నిమిషాలు కాల్చాలి. ఓవెన్ లేనివారు కుక్కర్ అడుగున ఉప్పు పరచి, స్టాండు పెట్టి, రబ్బరూ విజిలూ తీసి సన్నని మంటపై ఉంచవచ్చు. పుల్ల గుచ్చితే పిండి అంటకుండా రావాలి.

పైపూతకు, గుడ్డలో కట్టి నీరు పూర్తిగా వార్చిన గట్టి పెరుగు ఒక కప్పు, మెత్తబడిన వెన్న 50 గ్రాములు, చక్కెర పొడి 80 గ్రాములు చాలు. మన ఎండలకు వెన్న నిలవదు. కేకు పూర్తిగా చల్లారాకే పూసి, ఫ్రిజ్‌లో ఉంచాలి.

పులుసు వండితే నీళ్లు కొంచెం ఎక్కువ పోసి పొరుగువారిని గుర్తుంచుకోమన్నారు దైవప్రవక్త (స). కేకు విషయంలోనూ అంతే. పక్కింటివారికీ, మేడమీది హాస్టల్ అమ్మాయికీ ఒక్కొక్క ముక్క పంపండి. ఇందులో గుడ్డు ఉందని మాత్రం ముందే చెప్పండి. మన పళ్లెంలోకి వచ్చేది ఏమిటో తెలుసుకునే హక్కు మనకు ఉన్నట్లే, గుడ్డు తినని పొరుగింటికీ ఉంది. దుకాణంలో మనం అడిగే నిజాయితీ మన వంటింటి నుండే మొదలుకావాలి.