పాపప్ క్యాంపర్‌లో పిల్లని ఎక్కడ పడుకోబెట్టాలి?

వేసవి వచ్చిందంటే ఇక్కడ అమెరికాలో మనవాళ్లందరికీ పాపప్ క్యాంపర్ (కారు వెనక లాక్కెళ్లే మడత టెంటు బండి) మీద మనసు పోతుంది. రెండేళ్ల పిల్ల ఉన్నవాళ్లు అద్దెకు తీసుకునే ముందు పరుపు అంచు పక్కన చెయ్యి దూర్చి చూడండి. రెండు కొసల్లో బయటికి లాగే ఆ మంచాలకి గోడలుండవు, ఉన్నది టెంటు గుడ్డే. దాన్ని అడుగున ఎలాస్టిక్ తాళ్లతోనో వెల్క్రోతోనో బిగిస్తారు. దొర్లుతూ వచ్చిన పిల్ల పరుపుకీ గుడ్డకీ మధ్య సందులో ఇరుక్కోవచ్చు, వెల్క్రో ఊడితే బయట నేల మీదే పడొచ్చు.

"మన మధ్యలో పడుకోబెట్టుకుంటే సరి" అంటుంది మా అత్తయ్య. మా అమ్మాయేమో నిద్రలో గడియారం ముల్లులా తిరుగుతుంది!

నా ఓటు క్యాంపర్ లోపలి నేలకే. మడతపెట్టే ప్లేయార్డ్ (పిల్లల తొట్టి) పట్టేంత చోటుందో లేదో టేపుతో కొలుచుకోండి. వాటికి సాధారణంగా 30 పౌండ్ల బరువు, 35 అంగుళాల ఎత్తు వరకే పరిమితి. పిల్ల అది దాటితే నేల మీద పల్చటి గట్టి పరుపు వేసి, తలుపు గడియ పెట్టేయండి. రాత్రి చలికి స్లీప్ శాక్ (ఒంటికి తొడిగే నిద్ర సంచి) తొడిగితే చాలు. ఏడాది లోపు బిడ్డైతే దిండూ వద్దు, దుప్పటీ వద్దు.

వెచ్చదనం కోసం లోపల గ్యాస్ స్టవ్ మాత్రం వెలిగించకండి. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. పడుకునే ముందు క్యాంపర్‌లోని కార్బన్ మోనాక్సైడ్ అలారం బటన్ నొక్కి చూడండి, మోగకపోతే ముందు బ్యాటరీ మార్చండి.